పులవని చల్ల

మా అత్తమ్మ చేసే చల్ల పులవడం మానేసిందని గమనించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇరవై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎనభైల నడుమ మాట. హనుమకొండలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నేను ఆడపిల్లల హైస్కూల్లో టీచర్ని, మా ఆయన సుబేదారిలో ఒక ఆఫీసులో గుమాస్తా. పిల్లల్లేరు. నాకు ఆపరేషన్ అయినప్పుడు కేసముద్రం పక్క పల్లె నుంచి అత్తమ్మ వచ్చి మాతోనే ఉండిపోయింది. రొమ్ము కేన్సర్. ఎడమవైపు మొత్తం తీసేశారు. హైదరాబాద్ తీసుకుపోయి కరెంటు పెట్టించారు, రేడియేషన్‌ను అందరూ అలాగే అనేవారు. తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి అండాశయాలు కూడా తీసేశారు, ఆ జబ్బుకు లోపలి నుంచి బలం అందకూడదని. రోజూ మింగడానికి ఒక మాత్ర రాశారు. అప్పటికి నాకు నలభై రెండు.

ఏడాది తిరిగేసరికి, జనవరిలో ఒకరోజు బడి వరండాలో కాలు జారి చెయ్యి ఆనించాను. అంతే, మణికట్టు విరిగింది. ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టర్ నా మొహం ఒకసారి, ఫిలిం ఒకసారి చూసి, డెబ్భై ఏళ్ల ముసలమ్మ ఎముకలున్నాయన్నాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కాల్షియం మాత్ర రాశాడు.

మా ఇంట్లో జబ్బు పేరు ఎవరూ అనేవారు కాదు. 'అది' అనేవారు, లేకపోతే 'ఆపరేషన్' అనేవారు. డాక్టర్లు నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి మా ఆయనకు చెప్పేవారు. ఆయన ఇంటికి వచ్చి ఏమీ లేదనేవాడు. రిపోర్టులు తెచ్చి అల్మారాలో నా చీరల కిందే దాచేవాడు. నా చీరలు నేను ముట్టుకోననుకున్న మనిషిని ఏమనాలి? అన్నీ చదివేదాన్ని, మళ్లీ అలాగే మడిచి పెట్టేదాన్ని. తెలిసినట్టు ఆయనతో అనలేదు. ఆయన బాధ పడతాడని కాదు. అడిగి చెప్పించుకోవడం నాకు నామోషీ.

ఆ వేసవిలో నాకు దాహం పట్టుకుంది. కూజా నీళ్లు పొద్దెక్కకముందే అయిపోయేవి. పీరియడ్‌కు ఒకసారి బాత్రూముకు పరుగెత్తేదాన్ని. అన్నం చూస్తే వికారం, కడుపు బిగుసుకుపోయి నాలుగు రోజులైనా కదిలేది కాదు. కాళ్లలో సత్తువ లేదు. ఒకరోజు బోర్డు మీద వాక్యం సగం రాసి, మిగతా సగం ఏమిటో మరిచిపోయాను. చేతిలో చాక్‌పీసుతో అలాగే నిలబడ్డాను. ముందు వరసలో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.

రక్తం పరీక్ష చేస్తే కాల్షియం పదమూడు దాటింది. పది చుట్టూ ఉండాలట. నాలుగు రోజులు దవాఖానలో పెట్టి సీసాల మీద సీసాలు సెలైన్ ఎక్కించారు. నంబరు దిగింది. ఇంటికొచ్చాక మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేస్తే మళ్లీ పదమూడు. ఎక్స్‌రేలో ఎక్కడా మచ్చ లేదు. దవాఖాన డాక్టర్ మా ఆయన్ను లోపలికి పిలిచాడు. నేను బల్ల మీద కూర్చుని గోడ మీద కుటుంబ నియంత్రణ పోస్టరును పదిసార్లు చదివాను. బయటికొచ్చిన ఆయన చెమట తుడుచుకుంటూ, ఏమీ లేదు, వేడి చేసిందన్నాడు.

ఆ శనివారం ఉన్నట్టుండి, ఫోటో దిగుదాం, అమ్మను కూడా తీసుకుపోదాం అన్నాడు. పండుగ లేదు, పబ్బం లేదు. పెళ్లినాటి ఫోటో తప్ప మా ఇద్దరికీ వేరే ఫోటో లేదు, ఆయనకు స్టూడియో అంటే దండగ. అయినా పోయాం. ఎప్పుడైనా అత్తమ్మ నడుమ కూర్చోవాలి, మేం అటూ ఇటూ ఉండాలి. ఆ రోజు ఆయన నన్ను నడుమ కూర్చోమన్నాడు. అత్తమ్మ కూడా ఏమీ అనలేదు. నాకు అర్థమైపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు అత్తమ్మను ముందు రిక్షా ఎక్కించి, మేమిద్దరం వెనక రిక్షాలో కూర్చున్నాం.

"నేనెన్ని రోజులు బతుకుతనన్నడు డాక్టరు?" అని అడిగాను.

రిక్షావాడు తొక్కడం ఆపి వెనక్కి తిరిగి చూశాడు. మా ఆయన పోనిమ్మని చెయ్యి ఊపాడు. తర్వాత అంతా చెప్పాడు. అది ఎముకలకు పాకిందని డాక్టర్ అనుమానం. ఎక్స్‌రేకు ఇంకా అందలేదు గాని రక్తంలో తెలుస్తోంది. వచ్చే వారం హైదరాబాద్ పోయి గట్టి మందు మొదలుపెట్టాలి. జుట్టు రాలుతుంది, వాంతులవుతాయి, తట్టుకుంటుందో లేదో చెప్పలేనన్నాడట.

"ఎముకలకు పాకిందని రూఢిగ తెలుసా ఆయనకు?"

"ఇంకేమైతది? నీ జబ్బున్నోళ్లకు కాల్షియం పెరిగితే గదే అంట."

అదే అయితే అదే కానివ్వు. కానీ నాకు ఒక మాట మనసులో గుచ్చుకుంది. దవాఖానలో ఉన్నప్పుడు దిగింది, ఇంటికొస్తే ఎక్కింది. సెలైన్ వల్ల దిగిందని డాక్టర్ అన్నాడు, కాదనను. అయినా నా ఎముకల్లో ఉన్న జబ్బు దవాఖాన మంచానికీ మా ఇంటి మంచానికీ తేడా చూస్తుందా? ఎవరో చెప్పిన కారణం రుజువు కాకముందే నమ్మవద్దని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెప్తున్నాను. నా ప్రాణం దగ్గరికొచ్చేసరికి ఎందుకు నమ్మాలి? హైదరాబాద్ పోయేలోపు ఆరు రోజులున్నాయి. ఈలోగా ఇంట్లో ఏం జరుగుతోందో తేల్చుకోవాలనుకున్నాను.

సోమవారం స్టాఫ్ రూంలో వికారంగా ఉందంటే, పక్క టీచర్ తన టిఫిన్ క్యారియర్ గిన్నెలో ఉన్న చల్ల ఇచ్చింది. ఒక గుక్క తాగగానే పళ్లు పులిశాయి.

"ఇంత పుల్లగున్నదేంది?" అన్నాను.

"ఈ ఎండలకు పులవకేమైతది? పొద్దున ఆరింటికి చిలికిన," అంది ఆమె.

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో చల్ల రాత్రిదే. పొద్దున పదింటికి తాగుతాను, ఒక్కోసారి మధ్యాహ్నం కూడా అదే. జనవరి పోయి ఏప్రిల్ వచ్చింది. ఒక్కనాడు పుల్లగా లేదు. కొంచెం చప్పగా, జారుగా ఉండేది, ఇంగువేమో అనుకునేదాన్ని. చల్లలో పులుపంటే ఆమ్లం. ఆమ్లం దానంతట అది పోదు, క్షారం పడితే పోతుంది. ఎనిమిదో తరగతి పాఠం.

మధ్యాహ్నం సెలవు పెట్టి, ల్యాబ్‌లోంచి గాజు గొట్టం ఒకటి బ్యాగులో వేసుకుని ఇంటికి వచ్చాను. అత్తమ్మ పక్కింటికి పోయినట్టుంది. వంటింట్లో ప్రతి డబ్బా మూత తీసి చూశాను. బియ్యం డబ్బా వెనక ఒక చిన్న మట్టి గురిగి, దాని మీద పాత గుడ్డ కట్టి ఉంది. లోపల అడుగున తెల్లటి ముద్ద, పైన తేటగా నీళ్లు. ఆ నీళ్లు గ్లాసులోకి ఒంపి, గొట్టం పెట్టి ఊదాను. నాలుగు ఊపిరులకే నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఏటా జూలైలో ఈ ప్రయోగం చేసి చూపిస్తే నా క్లాసు చప్పట్లు కొట్టేది. అది సున్నపు తేట.

"ఏం చేస్తానవ్ బిడ్డా?"

అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"సల్లల గిది పోస్తానవా అత్తమ్మా?"

ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. "పోస్తాన. చెయ్యి ఇరిగిన కాడి నుంచి పోస్తాన. మా దిక్కు బొక్కలిరిగినోళ్లకు, బాలింతలకు గిదే పోస్తరు. నీకు చెప్తె సదువుకున్నదానివి, తాగవని సల్లల కలిపిన. రాత్రి పాలల్ల గూడ జర కలుపుత. ఏమైంది?"

"తేటేనా, అడుగుది గూడ కలుపుతవా?"

"అడుగుదాంట్లనే గదా బలం ఉండేది."

నేను అరిచాను. ఏమన్నానో అంతా రాయను. నన్ను చంపాలనుకున్నావా అన్న మాట మాత్రం అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. నాకు జాలి కలగలేదు. మూడు నెలలుగా పీకల మీదికొచ్చిన చావు ఒక గురిగిలో దొరికితే జాలి ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ సాయంత్రం ఇంటి నడుమ చాప పరిచాను. మా ఆయన్ను కూర్చోమన్నాను. పక్క వీధిలో ఉండే కంపౌండర్ సాబ్‌ను కూడా పిలిపించాను. దవాఖానలో చేసి రిటైరైన ముసలాయన, నన్ను చెల్లె అనేవాడు, వారానికొకసారి వచ్చి నాకు బలం సూది వేసిపోయేవాడు. మా ఆయనే తెప్పించేవాడు. ఎవరెవరు నాకేం ఇస్తున్నారో అన్నీ తెచ్చి చాప మీద పెట్టమన్నాను. గురిగి నేనే తెచ్చి పెట్టాను.

మా ఆయన మాత్రల సీసా తెచ్చాడు. పొద్దున, సాయంత్రం నా అరచేతిలో పోసేవాడు, నేను లెక్క చూడకుండా నోట్లో వేసుకునేదాన్ని. అడిగితే రోజుకు రెండు కాదు, ఆరు.

"డాక్టర్ రెండే రాసిండు గదా," అన్నాను.

"రెండింటితోని ఏమైతది? నీ చెయ్యి అట్ల పుటుక్కున ఇరిగింది. మల్ల ఏది ఇరుగుతదోనని నాకు నిద్ర పడ్తలేదు," అన్నాడు తల వంచుకుని.

కంపౌండర్ సాబ్ సూదిమందు డబ్బా తీశాడు. అద్దాలు పెట్టుకుని లోపలి కాగితం విప్పాడు. నేను అది బి కాంప్లెక్స్ అనుకుంటూ వచ్చాను, అడగలేదు. చదువుతూ చదువుతూ ఆయన వేలు ఒకచోట ఆగింది.

"చెల్లె, ఇది విటమిన్ డి. నెలలకొక్కసారి ఇయ్యాల్నంట. నేను వారానికొకటి పొడిసిన."

"కాగితం ఇప్పుడు చదువుతాన్రా భాయ్ సాబ్?"

"బొక్కలకు బలమని మీ ఆయన తెచ్చిచ్చిండు. ఈ ఇంట్ల నీ బీమారి మాట ఎత్తితే అందరు మొహాలు తిప్పుకుంటరు. ఏం అడగాలె నేను? సప్పుడు జేయక పొడిసి పోయిన." కాగితం మడిచి, మళ్లీ విప్పాడు. "తప్పు నాదే. జర ఆలోచించు, నువ్వేమన్న మింగుతానవా, ఎవ్వలకు చెప్పకుంట?"

లేదని వెంటనే అన్నాను. అందరినీ దోషుల్లా కూర్చోబెట్టి నిలబడ్డదాన్ని, ఆ ప్రశ్న నన్ను అడగడం నచ్చలేదు. తర్వాత బడి బ్యాగు గుర్తొచ్చింది. ఈ మాత్రలన్నిటికీ గుండెలో మంటగా ఉండేది. మంట అంటే మా ఆయన మళ్లీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతాడని, మందుల షాపులో చప్పరించే తెల్ల బిళ్లలు కొనుక్కుని పీరియడ్ పీరియడ్‌కూ ఒకటి నోట్లో వేసుకునేదాన్ని. బ్యాగు తెచ్చి బిళ్లల పట్టీ వెనక చదివాను. కాల్షియం కార్బొనేట్. చాక్‌పీసూ అదీ ఒక జాతివే. బోర్డు మీద సున్నంతో రాస్తూ, నోట్లో సున్నం చప్పరిస్తూ, నన్ను చంపాలనుకున్నావా అని అత్తమ్మ మీద అరిచానన్నమాట.

పట్టీ చాప మీద పెట్టాను. ఆ సిగ్గు ఇంతా అంతా కాదు.

"నాకు కేన్సర్," అన్నాను. మా ఇంట్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు. "నాకు తెలుసు, మీకు తెలుసు. పేరు అనద్దని అందరం నోరు మూసుకుని, ఒకలకు తెల్వకుంట ఒకలం నాలుగు దిక్కుల నుంచి సున్నం పోసినం. నేను గూడ పోసుకున్న. రేపటి నుంచి నా కడుపులకు ఏది పోవాలన్నా నేను చూసినంకనే పోవాలె."

మర్నాడు అన్నీ గుడ్డలో మూటగట్టి డాక్టర్ దగ్గరికి పోయాం. అక్కడి బంట్రోతు బయట బల్ల చూపించాడు. నేను లోపలికే నడిచి డాక్టర్ ఎదురు కుర్చీలో కూర్చున్నాను. "నా జబ్బు సంగతి నాకు చెప్పండి సార్. ఈయన పక్కన కూర్చుని వింటరు," అన్నాను. మూట విప్పి బల్ల మీద పెట్టాను.

ఆయన గురిగి మూత తీసి వాసన చూశాడు. సూది కాగితం రెండుసార్లు చదివాడు. "ఇవన్నీ కలిస్తే కాల్షియం పెరగొచ్చమ్మా. కానీ జబ్బు పాకినా పెరుగుతుంది. ఇవి మానేసి చూద్దామంటే, ఒకవేళ జబ్బే అయితే మీ టైం పోతుంది. ఆ రిస్క్ నేను తీసుకోమనలేను," అన్నాడు.

"వద్దు సార్, హైదరాబాదే పోతం," అన్నాడు మా ఆయన.

"టైం నాది. రెండు నెలలియ్యండి," అన్నాను.

మూడు వారాలు ఇచ్చాడు. కేన్సర్ మాత్ర ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఆపేశాడు. కడివెడు నీళ్లు తాగమన్నాడు, వారం వారం రక్తం ఇమ్మన్నాడు.

మొదటి వారం నంబరు కదల్లేదు. రెండో వారం ఒక పాయింటులో మూడో వంతు దిగింది. మూడో వారం మళ్లీ అక్కడే. మా ఆయన సూట్‌కేసు దించి నా బట్టలు సర్దడం మొదలుపెట్టాడు. నేను ఒక్కొక్కటీ తీసి మళ్లీ అల్మారాలో పెట్టాను. నేను తప్పయితే ఏమవుతుందో నాకు తెలుసు. పొద్దున లేవగానే ఎముకలన్నీ తడుముకుని చూసుకునేదాన్ని, నొప్పి ఎక్కడైనా కొత్తగా వచ్చిందా అని. అయినా డాక్టర్ దగ్గరికి పోయి, ఒంట్లోకి ఎక్కించిన సూదిమందు అంత తొందరగా దిగదు కదా సార్, ఇంకొంచెం ఆగుదామన్నాను. ఆయన పాత రిపోర్టులన్నీ మళ్లీ తిరగేసి సరే అన్నాడు.

రోజూ పొద్దున గోడలు పట్టుకుని సుబేదారి దాకా నడిచి వచ్చేదాన్ని. నీళ్లు తాగి తాగి నీళ్లంటేనే రోత పుట్టింది. ఐదో వారం పన్నెండు లోపుకు వచ్చింది. ఆరో వారం ఆకలి వేసింది, పచ్చి పులుసుతో అన్నం తిన్నాను. ఎనిమిదో వారం పదిన్నర. ఆ కాగితాన్ని డాక్టర్ నా చేతికే ఇచ్చాడు.

"దేనివల్ల పెరిగింది సార్?"

"ఏ ఒక్కటో చెప్పలేనమ్మా. అన్నీ కలిసి కావచ్చు. కచ్చితంగా ఇదే అని నేను రాసివ్వలేను. ఆ జబ్బు మళ్లీ రాదని కూడా చెప్పలేను." కొంచెం ఆగి, "హైదరాబాద్ పంపనందుకు సంతోషంగా ఉంది," అన్నాడు.

బయటికొచ్చాక మా ఆయన రోడ్డు మీదే ఏడ్చాడు. నాకు మాత్రం అత్తమ్మ గుర్తొచ్చింది. చాప మీద పంచాయితీ అయిన మూడో రోజే ఆమె బట్టల మూట కట్టుకుని ఊరికి పోయింది. నా చేతి నీళ్లు గూడ తాగకు బిడ్డా అని మా ఆయనతో నాకు చెప్పి పంపింది. నేను ఆపలేదు. రెండు నెలలు నేను ఒక ఉత్తరం ముక్క కూడా రాయలేదు. నంబరు దిగకపోతే ఏ మొహంతో రాయాలి, దిగితే నేనే ఊరికి పోదామనుకున్నాను.

ఆదివారం వరంగల్ స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కి కేసముద్రంలో దిగాను. అక్కడి నుంచి రెండు మైళ్లు నడిచాను, ఆ రెండు మైళ్లు నడవగలిగినందుకు గర్వంగా అనిపించింది. అత్తమ్మ మా మరిది వాళ్ల వాకిట్లో విత్తనానికి పల్లికాయ ఒలుస్తోంది. చిక్కిపోయింది. నన్ను చూసి లేవబోయి, లేవకుండా అలాగే కూర్చుంది.

కాగితం తీసి ఇచ్చాను. చదువు రాదు, అయినా రెండు చేతులతో పట్టుకుంది.

"తగ్గిందా?"

"తగ్గింది అత్తమ్మా. నలుగురం పోసిన సున్నం అది. నువ్వొక్కదానివి కాదు. ఆ రోజు నేనన్న మాట తప్పు, నన్ను మాఫ్ చెయ్యి."

ఆమె కాగితం నాకు తిరిగిచ్చి చేట పక్కకు జరిపింది. నా మొహం కాదు, నా ఎడమవైపు చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డా, కోసినకాడ నొస్తదా?"

రెండేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. వాపుందా అని డాక్టర్లు అడిగారు. బాగున్నావా అని మా ఆయన అడిగేవాడు, బాగున్నాననే జవాబు కోసమే అడిగేవాడు. లేదు అని చెప్పడం నాకు ఎంత అలవాటయిందంటే, నోరు దానంతటదే తెరుచుకుంది. కానీ ఆ మాట రాలేదు.

"నొస్తది అత్తమ్మా," అన్నాను. "రోజూ నొస్తది."

"ఏడ?"

ఆమె చెయ్యి పట్టుకుని, రవిక మీద నుంచే అక్కడ పెట్టుకున్నాను. ఆ చెయ్యి మన్నుతో గరుకుగా ఉంది. అమ్మ చనిపోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.